మళ్లీ మళ్లీ చీముగడ్డ: నింద కల్లు మీదేనా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. తమ్ముడికి 29 ఏళ్లు, కొబ్బరి పీచు మిల్లులో పని. కాలేయంలో రెండుసార్లు చీముగడ్డ కట్టింది. చిన్నప్పుడు మెడ బిళ్లలకు టీబీ మందులు వాడాం. షుగరు, హెచ్‌ఐవీ లేవు. కల్లు ముట్టడు, అయినా ఎక్కడికి వెళ్లినా మొదట అదే అడుగుతున్నారు. అమ్మానాన్నలది మేనరికం. అన్నయ్య పసితనంలోనే జ్వరంతో పోయాడు. నాకిప్పుడు ఏడో నెల. ఇది వంశంలో ఉన్న జబ్బా?

జవాబు: కావచ్చునమ్మా. మీరు పంపిన కాగితాల్లో అసలు సంగతి చీము కల్చర్ రిపోర్టులో, అంటే చీములోని క్రిమిని పెంచి చూసిన పరీక్షలో ఉంది. రెండుసార్లూ స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా పెరిగింది. మన వైపు కాలేయంలో గడ్డ అనగానే అమీబా, కల్లు గుర్తుకొస్తాయి. ఆ డాక్టర్లను తప్పుపట్టను, చాలాసార్లు అదే నిజం. కానీ అమీబా గడ్డలోని చీము చాక్లెట్ రంగులో ఉంటుంది, కల్చర్‌లో సాధారణంగా ఏ బ్యాక్టీరియా పెరగదు. స్టెఫిలోకాకస్ కాలేయంలో రెండోసారీ తిష్ఠ వేసిందంటే క్రానిక్ గ్రాన్యులొమేటస్ డిసీజ్, అంటే సీజీడీని అనుమానించి తీరాలి.

ఇందులో తెల్లకణాలు సూక్ష్మజీవిని మింగుతాయి, చంపలేవు. చంపే రసాయనాన్ని పుట్టించే ఎంజైములో పుట్టుకతోనే లోపం. కణాల లెక్క, యాంటీబాడీలు మాత్రం నిక్షేపంగా ఉంటాయి. అందుకే మామూలు పరీక్షలకు దొరకదు. పైగా ఇందులో ఏర్పడే గ్రాన్యులోమాలు, అంటే రక్షణ కణాలు గుమిగూడి కట్టిన చిన్న గడ్డలు, టీబీవని పొరబడే వీలుంది. ఆనాడు బిళ్లల్లో టీబీ క్రిమి నిజంగా కనిపించిందో లేదో పాత కాగితాల్లో వెతకండి.

ఈ వయసులో పుట్టుకతో వచ్చిన జబ్బేమిటని ఎవరైనా పెదవి విరిస్తే పట్టించుకోకండి. ఎంజైము కొద్దోగొప్పో పనిచేసేవారిలో పెద్దయ్యాకే బయటపడుతుంది. డీహెచ్‌ఆర్ అనే రక్తపరీక్షతో తేలుతుంది. రక్తం తాజాగా ఉండాలి, కాబట్టి నమూనా పంపడం కాదు, ఆ పరీక్ష చేసే పెద్దాసుపత్రికి మనిషినే తీసుకెళ్లండి. జబ్బని తేలితే బ్యాక్టీరియా సోకకుండా కోట్రైమాక్సజోల్, బూజు సోకకుండా ఇట్రాకొనజోల్ రోజూ వాడిస్తారు. మూలకణ మార్పిడితో నయమయ్యే అవకాశమూ ఉంది, అది ఎవరికి తగునో నిపుణులే చెప్పాలి.

మిల్లు పని మాత్రం ఈరోజే మాన్పించండి. తడిసి ముక్కిన పీచు, గడ్డివాముల దుమ్ములోని బూజు ఈ జబ్బున్నవారి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం.

ఇక మీ సంగతి. ఇందులో తల్లి నుంచి మగబిడ్డకు సంక్రమించే రకమూ ఉంది, మేనరికాల్లో ఎక్కువగా కనిపించే రకమూ ఉంది. తమ్ముడి ఫలితం కాన్పుకు ముందే తెప్పించుకోండి. ఈలోగా పురుడు వస్తే, బిడ్డకు బీసీజీ వేయకముందే ఇదంతా డాక్టరుకు చెప్పండి. సీజీడీ ఉన్న బిడ్డకు ఆ టీకా వేయకూడదు.