కానుకల పెట్టెలో వేస్తే సరిపోతుందా?

ప్రశ్న: అక్కయ్యగారికి వందనాలు. మా సంఘంలో స్త్రీల సమాజం లెక్కలు నేనే చూస్తాను. ఇళ్ళలో వండేముందు దేవుని పేరున తీసిపెట్టే పిడికెడు బియ్యం అమ్మగా వచ్చిన డబ్బులో 6,000 రూపాయలు మా అబ్బాయి కాలేజీ ఫీజుకి వాడేశాను. నెలలో సర్దేద్దామనుకున్నాను. ఈలోగా లెక్క అడిగారు. ఇంటింటికీ తిరిగి బియ్యం తెచ్చే పెద్దావిడే సరిగ్గా అప్పగించలేదేమోనని ఎవరో అన్నారు. నేను నోరు మెదపలేదు. తర్వాత ఆ డబ్బు కవర్లో పెట్టి కానుకల పెట్టెలో వేశాను. దేవుని దగ్గర ఏడ్చి ఒప్పుకున్నాను. అది సైతాను శోధన, దేవుడు క్షమించేశాడు, ఇంకెందుకు తవ్వుకుంటావని మావారు అంటున్నారు. కానీ ఆవిడ కూడికకి రావడం మానేసింది. ఏం చెయ్యను?
– ఒక సహోదరి

జవాబు: అమ్మా, దేవుడు క్షమించాడా లేదా అని నువ్వు బెంగపడకు. మన పాపాలు ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడన్న మొదటి యోహాను 1:9 నీకు తెలిసిన వాక్యమే. నాకు బెంగంతా ఆ పెద్దావిడ గురించి. 6,000 తిరిగొచ్చాయి, ఆవిడ పరువు రాలేదు.

నేను టీచరుగా ఉన్నప్పుడు మార్కుల రిజిస్టరు ఇంటికి తెచ్చుకుని మర్చిపోయాను. అటెండరు చిత్తుకాగితాలతో పాటు అమ్మేసుకున్నాడని స్కూలంతా అనుకున్నారు. రాత్రి అది మా బియ్యం డబ్బా మీద కనబడింది. పొద్దున్నే ఎవరూ రాకముందు తీసుకెళ్ళి బీరువాలో పాత రిజిస్టర్ల కింద దూర్చాను. దాంతో, భయపడి అతనే తెచ్చి పెట్టాడన్నారు! వారం రోజులు నా బల్ల మీద టీ గ్లాసు పెడుతుంటే అతని చెయ్యి వణికేది. రోజూ తెల్లవారుజామున ప్రార్థనలో ఏడ్చేదాన్ని. అతనితో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. చివరికి స్టాఫ్ రూములో అందరి ముందూ చెప్పాను. నాకు మెమో ఇచ్చారు. అతను ఏమీ అనలేదు, ఖాళీ గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయాడు.

మీవారు నీ మీద ప్రేమతోనే అన్నారు. కానీ ఏదెనులో హవ్వ సర్పం పేరు చెప్పింది, ఆదాము హవ్వ పేరు చెప్పాడు. శోధన నిజమే, డబ్బు తీసిన చెయ్యి మాత్రం నీదే. సంఖ్యాకాండము 5:7 చదువు. పాపం ఒప్పుకోవాలి, పూర్తిగా తిరిగివ్వాలి, పైన అయిదో వంతు కలపాలి, అదీ నష్టపోయిన వాళ్ళకే ఇవ్వాలి. నీ లెక్కకి అది 1,200. కవర్లో పెట్టి రహస్యంగా వెయ్యకు, పుస్తకంలో నీ పేరున రాసి కట్టు. కొన్నాళ్ళు ఆ పుస్తకం ఇంకొకరి చేతిలో ఉండనివ్వు.

అంతకంటే ముందు ఆవిడ ఇంటికి వెళ్ళు. అర్పణ బలిపీఠం దగ్గరే విడిచి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువే అన్నాడు కదా. వెళ్ళగానే ఫీజు గడువు సంగతి ఎత్తకు. "డబ్బు తీసింది నేను. మిమ్మల్ని అంటుంటే విని ఊరుకున్నాను" అని చెప్పు. ఆవిడ తిడితే పడు. క్షమించమని తొందరపెట్టకు. తర్వాత ఆ మాట ఏ కూడికలో పుట్టిందో ఆ కూడికలోనే నిలబడి చెప్పు.

ఈ వారం కూడిక లోపే వెళ్ళమ్మా. తలుపు తియ్యకపోతే మర్నాడు మళ్ళీ వెళ్ళు.