అరవై దాటిన చెల్లెలికి

చిరంజీవి వరలక్ష్మికి అక్కయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరంలో మోకాళ్ల నొప్పి గురించి రెండు పంక్తులు, కొబ్బరితోట అబ్బాయి పేర రాయడం గురించి రెండు పేజీలు ఉన్నాయి. నాకు రెండూ ఒకే సంగతిగా కనిపించాయి. అరవై దాటిన ఆడమనిషి ఇక అడగవలసిందేమీ లేదని చుట్టూ ఉన్నవాళ్లు అనుకుంటున్నారు, నీవూ తల ఊపుతున్నావు.

వైద్యులు నీతో కాక అబ్బాయితో మాట్లాడి, వయసు కదా అని పంపించారని రాశావు. నర్సుగా పనిచేసినన్నాళ్లూ ఈ తీరు చూశాను. మగవాడు మోకాలు పట్టుకుని వస్తే ఎక్స్‌రే తీసేవారు, ఆడమనిషి వస్తే నొప్పి బిళ్ల ఇచ్చేవారు. ఈసారి వెళ్లేముందు నొప్పి ఎప్పుడు మొదలైంది, మెట్లెక్కితే వస్తోందా, కింద కూర్చుని లేస్తే వస్తోందా, ఏ మందులు వాడుతున్నావు అన్నవన్నీ కాగితం మీద రాసుకుని, కారణమేమిటో, దానికి చికిత్స ఏముందో నీ నోటితో నీవే అడుగు.

నీకు గర్భసంచితో పాటు అండాశయాలు కూడా చిన్న వయసులోనే తీసేశారన్న విషయం తప్పక చెప్పు. ముట్లుడిగాక ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గి ఎముకలు పలచబడతాయి. అండాశయాలు ముందే తీసేసినవారిలో ఆ నష్టం ఇంకా ముందే మొదలవుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూస్తే గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో మనదే ముందు వరుస కనుక, నీవొక్కదానివే కాదు. డెక్సా అనే ఎముకల పరీక్ష గురించి అడుగు. వానాకాలంలో నూతి చుట్టూ పాచి పట్టే మన పెరళ్లలో ఒక్కసారి జారి తుంటి విరిగితే మంచం దిగడం కష్టం. స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీ పెట్టించు. వారానికి 150 నిమిషాలైనా చురుగ్గా కదలాలని, 65 దాటినవారు మూడు రోజులైనా తూలిపోకుండా నిలదొక్కుకునే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నీకు కాలువగట్టు ఉంది, పట్టుకుని నిలబడడానికి కుర్చీ ఉంది. అందరూ తిన్నాక పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుంటే కండ కరుగుతుంది కనుక పప్పు, గుడ్డు, చేప వేళకు తిను.

పెళ్లికి రాలేనని ఎందుకన్నావో నాకు అర్థమైంది. దగ్గితే మూత్రం పడుతోందని బస్సెక్కడం మానేసిన ఆడవాళ్లు నాకు చాలామంది తెలుసు. మూత్రాన్ని ఆపుకునే కండరాలను బిగించి వదిలే వ్యాయామం కొన్ని నెలలు చేస్తే చాలామందికి తగ్గుతుంది, దానికి భయపడి నీళ్లు తాగడం మాత్రం మానకు. ముట్లు ఆగిన తరువాత ఒక్క రక్తపు చుక్క కనిపించినా వెంటనే చూపించుకోవాలని, అది గర్భాశయ కాన్సర్‌కు తొలి గుర్తు కావచ్చునని నీ తోటికోడలికి చెప్పు.

“ఇంకెన్నాళ్లులే అక్కా” అని రాశావు. వృద్ధాప్యం గురించి మంచి అభిప్రాయం ఉన్నవారు సగటున ఏడున్నరేళ్లు ఎక్కువ బతికారని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2002లో ప్రకటించారు. నాకది వింతగా తోచలేదు, ఇక ఇంతేనని తేల్చుకున్న మనిషి మందూ వేసుకోదు, కళ్లద్దాలూ మార్చుకోదు.

ఇక తోట. మరిదిగారి తరువాత నీకు వచ్చిన వాటాపై 1956 నాటి హిందూ వారసత్వ చట్టం నీకు సంపూర్ణ హక్కు ఇచ్చింది. నీ తదనంతరం అబ్బాయికి చెందాలంటే వీలునామా చాలు, దానిని నీవు బతికున్నంతకాలం మార్చుకోవచ్చు. తోటను ఇప్పుడే అబ్బాయి పేర మార్చేసే దఖలు దస్తావేజు రిజిస్టరైతే వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. తప్పదనుకుంటే నిన్ను పోషించాలన్న షరతును దస్తావేజులోనే రాయించు, 2007 నాటి వయోవృద్ధుల చట్టం 23వ సెక్షను కింద ఆ షరతు తప్పినప్పుడు దానిని రద్దు చేయమని ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. సలహాకు 14567 అనే హెల్ప్‌లైన్ ఉంది. అబ్బాయి చెడ్డవాడని నేననను, అప్పుల్లో ఉన్నవాడికి తొందర సహజం. కొబ్బరికాయల దింపు డబ్బు మాత్రం నీ ఖాతాలోనే పడాలి.

సంతకం అడిగితే ఎముకల పరీక్ష అయ్యాక మాట్లాడుకుందామని చెప్పు. రాజమహేంద్రవరం వెళ్లే ముందురోజు ఫోను చేస్తే రావులపాలెం బస్టాండులో నేనూ ఎక్కుతాను. వైద్యుల గదిలోకి మనమిద్దరమే వెళదాం, అబ్బాయి బయట కూర్చుంటాడు.

ఇట్లు,
అక్కయ్య