క్షయ రోగిని ముందుగా అడగవలసిన మాట

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కోవూరు వైపు పల్లెల్లో టీబీ రోగుల ఇళ్లకు తిరిగే ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. మందులు, మోతాదులు, కార్డు నింపడం శిక్షణలో నేర్పుతారు కాబట్టి వాటి జోలికి పోను. రోగికి ఏదైనా చెప్పేముందు ఒక మాట అడుగమ్మా: "ఈ జబ్బు మీకు ఎందువల్ల వచ్చిందనుకుంటున్నారు?" అడిగాక ఊరుకో. మధ్యలో దిద్దబోకు. వాళ్లు మనసులో ఏ కారణం అనుకుంటున్నారో దాన్నిబట్టే ఆరు నెలల మందు సాగడమో ఆగడమో ఉంటుంది.

ప్రకాశం జిల్లాలో పనిచేసేటప్పుడు మార్కాపురంలో ఒక పలకల కార్మికుణ్ణి చూశాను. కనుబొమల మీద, చెవి మడతల్లో బూడిదరంగు పొడి పేరుకుని ఉంది. తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గి, అందులో పడిన ఎర్రటి చారను చూడకుండానే మడిచి భుజాన వేసుకున్నాడు. "ఇది రాతి పొడి దగ్గు సార్, మాలో అందరికీ ఉండేదే" అన్నాడు. అందులో సగం నిజం ఉంది. సిలికా అనే రాతి ఖనిజం ఉన్న దుమ్మును ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకు క్షయ ముప్పు ఎక్కువ. "నీ మాట తప్పు" అని ఉంటే ఆయన మళ్లీ మా ముఖం చూసేవాడు కాదు. "పొడి నీ ఊపిరితిత్తులను దెబ్బతీసింది, ఆ దెబ్బ మీద క్రిమి చేరి ఉండవచ్చు. పొడి చేసిన చెరుపును తీసే మందు లేదు గానీ క్రిమిని చంపే మందు ఉంది" అన్నాను. తెమడ పరీక్షకు ఇచ్చిన డబ్బా తీసుకుని వెళ్లాడు.

పల్లెల్లో నీకు మరో మాట వినిపిస్తుంది, ఎవరో మందు పెట్టారని. మనిషి చిక్కిపోతూ అన్నం సయించకపోతే, తిండిలో ఏదో కలిపారనుకుని కక్కించేవాళ్ల దగ్గరికి పరుగెడతారు. అక్కడ వారాలు గడిచేకొద్దీ ఇంట్లో పసిపిల్లలకు కూడా క్రిమి అంటుకునే ప్రమాదం ఉంది. అయినా ఎగతాళి చేయకు. ఆ అనుమానం వెనక పొలం గట్టు తగాదానో, ఆడపడుచుతో మాటల్లేకపోవడమో ఉంటుంది. "అది తరవాత చూద్దాం, ముందు తెమడ ఇవ్వండి" అంటే చాలు.

మందు మొదలయ్యాక తొలి గండం మూత్రం రంగు. టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వల్ల అది నారింజ రంగులోనో ఎర్రగానో వస్తుంది, హాని లేదు. చూసినవాళ్లు మాత్రం "మాత్రలు వేడి చేశాయి" అని మజ్జిగ తాగుతూ రెండు రోజులు మానేస్తారు. రెండు కాస్తా పది అవుతాయి. అందుకే మొదటి మాత్ర మింగకముందే రంగు సంగతి చెప్పేయి. మజ్జిగ మానిపించకు, తాగనీ. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా వేడి అని ఊరుకోనివ్వకుండా అదే రోజు డాక్టరుకు చూపించు.

రెండో గండం జబ్బు తగ్గినట్టు కనిపించడం. మన వాళ్ల లెక్కలో దగ్గే జబ్బు. దగ్గు ఆగి, ఒళ్లు చేసి, మళ్లీ కూలికి పోగలిగితే ఇంక మందెందుకు అంటారు. మాగాణి రైతు ఎదురైతే తుంగ గురించి మాట్లాడు. పైన కోస్తే గడ్డ భూమిలోనే ఉంటుందని నీకంటే ఆయనకే బాగా తెలుసు. రెండు నెలలు నాలుగు మందులు, ఆ తరవాత నాలుగు నెలలు మూడు మందులు ఎందుకో అప్పుడు ఇట్టే అర్థమవుతుంది. మధ్యలో మానితే మిగిలిన క్రిమి మందుకు లొంగకుండా తయారవుతుందని కూడా చెప్పు.

నాకు కడుపు తరుక్కుపోయేది పెళ్లీడు ఆడపిల్లల విషయంలో. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వస్తే "వంశంలో ఉంది" అంటారు. అందరూ ఒకే గదిలో ఒకే గాలి పీలుస్తారన్నది తట్టదు. జర్మనీ వైద్యుడు రాబర్ట్ కాక్ 1882లోనే ఈ జబ్బు తెచ్చే క్రిమిని చూపించినా, నేటికీ ఆ పిల్లకు కంచం, గ్లాసు వేరు చేస్తున్నారు. కంచం వేరు చేసిన ఇంట్లోనే కిటికీలన్నీ మూసి ఉంటాయి! కిటికీ తెరవమను, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమను, కంచం కలిపేయమను. మందు సరిగ్గా పడితే కొన్ని వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గుతుందని తల్లికి, అత్తకు విడివిడిగా చెప్పు. ఇంట్లో మిగతావాళ్లకు పరీక్ష చేయించడం, అవసరమైతే నివారణ మందు ఇప్పించడం మరవకు.

వాకిట్లో నిలబడి జబ్బు పేరెత్తకు. టీబీ రోగుల తిండి ఖర్చుకు ప్రభుత్వం సాయం చేసే నిక్షయ్ పోషణ్ యోజన కింద 2024 నవంబరు నుంచి నెలకు వెయ్యి రూపాయలు ఇస్తున్నారు. గుట్టు బయటపడుతుందన్న భయంతో బ్యాంకు ఖాతా నంబరు చెప్పనివాళ్లూ ఉంటారు. తొందరపెట్టకు. గుడ్లకు, పప్పుకు పనికొచ్చే డబ్బని చెప్పి, వచ్చే వారం మళ్లీ అడుగు.

నువ్వు విన్న కారణాలన్నీ వాళ్ల మాటల్లోనే ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకో. పేర్లు మాత్రం రాయకు. సంక్రాంతికి వచ్చేటప్పుడు అది తెస్తే, దేనికి ఎలా జవాబు చెప్పాలో కూర్చుని చూద్దాం.

నీ మామయ్య