డాక్టర్ సలహా: బ్లాక్ ఫంగస్ ఇంజెక్షన్ ఎక్కిస్తుంటే వణుకు, జ్వరం.. మందు మార్చమని అడగాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 58 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది. ముక్కు, సైనస్‌లలో బ్లాక్ ఫంగస్ అని హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. ఇప్పుడు రోజూ యాంఫోటెరిసిన్ ఎక్కిస్తున్నారు. రెండో రోజు మందు మొదలుపెట్టిన గంటకు మంచం ఊగిపోయేంత వణుకు, 103 జ్వరం వచ్చాయి. ఆపి, ఏవో ఇంజెక్షన్లు చేసి, మళ్లీ అదే మందు నెమ్మదిగా ఎక్కించారు. ఎలర్జీ అని తెలిసి కూడా మళ్లీ అదే ఎందుకు? మాత్రలకు మార్చమని అడగవచ్చా? ముందే మేమొక సెట్రిజిన్ వేస్తే మంచిదా? రెండేళ్ల కిందట తామరకు మెడికల్ షాపులో ఏదో మాత్ర కొనుక్కుని వేసుకుంటే పెదవి మీద పుండు, తొడ మీద నల్ల మచ్చ వచ్చాయి, అది తగ్గిపోయింది లెండి.
- పేరు రాయవద్దన్న పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు అడిగిన వణుకు కన్నా, చివర్లో ‘తగ్గిపోయింది లెండి’ అని వదిలేసిన విషయమే నన్ను ఎక్కువ టెన్షన్ పెడుతోంది. అది వార్డులో ఎవరికైనా చెప్పారా? మీ ఉత్తరం చూస్తే చెప్పలేదనే అనిపిస్తోంది.

ముందు వణుకు సంగతి. కేస్ షీట్ చూడకుండా, సాదా యాంఫోటెరిసిన్ ఇస్తున్నారా, లేక అదే మందును సన్నని కొవ్వు పొరల్లో చుట్టి తయారుచేసే లైపోసోమల్ రకమా అన్నది తెలియకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసిన తీరు ఈ మందుతో మేం తరచూ చూసేదే. ఎక్కించడం మొదలయ్యాక ఒకటి నుంచి మూడు గంటల్లో చలి, వణుకు, జ్వరం, ఒక్కోసారి వాంతులు వస్తాయి. మందుకు ఒంట్లోని తెల్లకణాలు స్పందించి కొన్ని రసాయనాలు వదలడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది, చాలామందిలో అసలైన ఎలర్జీ కాదు, రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది కూడా. అందుకే ఆపి, పారాసెటమాల్, ఎలర్జీకి ఇచ్చే ఎవిల్, అవసరమైతే హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి, మళ్లీ నెమ్మదిగా మొదలుపెడతారు. మీ డాక్టర్లు చేసింది మామూలుగా అందరం చేసేదే. హైడ్రోకార్టిసోన్ ఇచ్చిన రోజు షుగర్ పెరుగుతుంది, ఆ రోజు షుగర్ ఎక్కువసార్లు చూడాలా అని సిస్టర్‌ని అడగండి.

మాత్రలకు మార్చమని ఇప్పుడే పట్టుబట్టకండి. ఈ ఫంగస్ ముక్కు నుంచి కంటికి, కంటి నుంచి మెదడుకు పాకుతుంది, మందు ఆలస్యమైన ప్రతిరోజూ నష్టమే. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి బ్లాక్ ఫంగస్ పేషెంట్లతో నిండిపోయినప్పుడు ఇవే వయల్స్ దొరక్క ఎన్ని కుటుంబాలు తిరిగాయో మీరూ వినే ఉంటారు. మెడికల్ షాపుల్లో దొరికే ఫ్లూకోనజోల్ ఈ ఫంగస్ మీద పనిచేయదు. పోసాకోనజోల్ పనిచేస్తుంది, కానీ దానికి ఎప్పుడు మారాలన్నది స్కాన్లు, ఎండోస్కోపీ చూసి మీ డాక్టర్లు తేల్చాల్సిన విషయం.

ఇక అసలైన ఎలర్జీ. ఇది అరుదు, కానీ వస్తే నిమిషాల్లో ముదురుతుంది. మందు మొదలైన కొద్దిసేపటికే పెదవులు, నాలుక, ముఖం వాచడం, గొంతు బొంగురుపోవడం, ఒంటి నిండా దద్దుర్లు, ఛాతీ పట్టేసి ఊపిరాడకపోవడం, కళ్లు తిరిగి చెమటలు పట్టడం, వీటిలో ఏది కనిపించినా ‘కాసేపు చూద్దాం’ అనుకోకుండా బెల్ కొట్టి, అరిచి అయినా సరే సిస్టర్‌ని పిలవండి. అప్పుడు ప్రాణం కాపాడేది తొడ కండలోకి ఇచ్చే అడ్రినలిన్. సెట్రిజిన్ దాని పని చేయదు, పైగా మీరు చెప్పకుండా వేసిన మాత్ర దద్దుర్లను కప్పేస్తే, మగత తెప్పిస్తే, డాక్టర్‌కు దొరకాల్సిన ఆనవాలు పోతుంది. వార్డులో ఉన్న మనిషికి ఇంటి నుంచి తెచ్చిన ఏ మాత్రా వేయొద్దు. కొబ్బరి నీళ్లు కూడా అడిగే ఇవ్వండి, ఎందుకంటే ఈ మందుతో పొటాషియం, మెగ్నీషియం పడిపోతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి, ఏది ఎంత ఇవ్వాలన్నది రక్త పరీక్ష చూసి తేల్చేది.

ఇంకొకటి, మీరు చేస్తున్నారని కాదు గానీ, త్వరగా అయిపోతే పడుకోవచ్చని రాత్రిపూట డ్రిప్ చక్రం తిప్పి స్పీడు పెంచే అటెండెంట్లు ప్రతి వార్డులోనూ ఉంటారు. ఈ మందును గంటల తరబడి ఎక్కించేది కారణం ఉండే. వేగం పెరిగితే వణుకు పెరగడమే కాదు, గుండె లయ తప్పే ప్రమాదం కూడా ఉంది. దయచేసి ఆ చక్రం ముట్టుకోకండి.

ఇప్పుడు ఆ పాత మాత్ర దగ్గరికి వస్తాను. తామరకు షాపులో ఇచ్చేది ఎక్కువగా ఫ్లూకోనజోల్, ఇట్రాకోనజోల్ లేదా టెర్బినాఫిన్. మాత్ర వేసుకున్నాక పెదవి మీద పుండు, తొడ మీద నల్ల మచ్చ అంటే అది మందుకు వచ్చిన రియాక్షన్ అయ్యే అవకాశం బలంగా ఉంది. ఇలాంటి మచ్చ ఒక రకం ఎలర్జీలో అదే మందు మళ్లీ వేసుకుంటే అదే చోట మళ్లీ వస్తుంది. నాన్నగారికి అలా ఒకసారికి మించి వచ్చిందేమో అడగండి. ముందుముందు ఆయనకు ఇచ్చే అవకాశమున్న పోసాకోనజోల్ కూడా ఫ్లూకోనజోల్ కుటుంబానికి చెందినదే. ఒకటి పడకపోతే రెండోదీ పడదని ఖాయంగా చెప్పలేం, పడుతుందని హామీ కూడా ఇవ్వలేం. తెలిసి ఇస్తే జాగ్రత్తగా గమనిస్తూ ఇస్తాం, తెలియకపోతే ఇంటికి పంపాక, చూసేవాళ్లు లేని చోట రియాక్షన్ వస్తుంది.

చీటీ లేకుండా మాత్రలు కొనడం ఒక తప్పు, వాటి పేరు కూడా గుర్తుపెట్టుకోకపోవడం దానికి రెట్టింపు తప్పు. కోపంగా అనిపిస్తే క్షమించండి, కానీ ‘ఏదో తెల్ల మాత్ర’ అనే మాట నేను ఓపీలో రోజూ వింటున్నాను. స్ట్రిప్ ఫొటో ఫోన్‌లో ఉండి ఉంటే ఇవాళ ఈ సందేహమే లేదు. ఇంట్లో పాత మందుల డబ్బా వెతికించండి, ఆ షాపులో బిల్లు ఉందేమో అడిగించండి.

రేపటి రౌండ్స్ దాకా ఆగకుండా ఈ రాత్రే డ్యూటీ డాక్టర్‌కు చెప్పి, ఆ రియాక్షన్ కేస్ షీట్‌లో రాయించండి, డిశ్చార్జ్ సమ్మరీలో కూడా ఉండాలని చెప్పండి. కొలెస్ట్రాల్ మాత్ర వాడుతుంటే దాని పేరూ చెప్పండి, పోసాకోనజోల్‌తో కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలు కలవకూడదు. మందు రియాక్షన్లను పేషెంట్ల వాళ్లు కూడా నేరుగా 1800-180-3024కు ఫోన్ చేసి తెలపవచ్చు, అది కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబర్. ఇంటికి వెళ్లి మాత్రలు మొదలుపెట్టాక నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, చర్మం మంట పుట్టి పొక్కులు లేవడం, జ్వరం, వీటిలో ఏది వచ్చినా మళ్లీ షాపుకు వెళ్లకుండా అదే రోజు ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే తీసుకురండి.