మైసూరు ఆర్‌ఐఈలో నాలుగేళ్ల కోర్సా, డిగ్రీ తర్వాత బీఈడీయా? అక్కడ చదివినవాడిగా నా జవాబు

ఇంటర్ ఎంపీసీ చదువుతున్నానని, భౌతికశాస్త్రం చెప్పే టీచర్ కావాలని ఉందని రాశారు. ఇక్కడే డిగ్రీ చేసి బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాయాలా, లేక మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థలో (ఆర్‌ఐఈ) నాలుగేళ్ల కోర్సులో చేరాలా అని అడిగారు. ఆ సంస్థ చరిత్ర, అక్కడి కోర్సుల గురించి కూడా తెలుసుకోవాలన్నారు. నేను అక్కడ బీఎస్సీనీ బీఈడీనీ కలిపిన ఆ నాలుగేళ్ల బీఎస్సీ ఎడ్ చదివాను. ఇప్పుడు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతున్నాను. టీచర్ కావాలన్న నిశ్చయం గట్టిగా ఉంటే మైసూరుకే వెళ్లమంటాను. ఎందుకో చెప్పాలంటే చరిత్ర నుంచి మొదలుపెట్టాలి. ఆ కోర్సు అలా ఎందుకు ఉందో అక్కడే తెలుస్తుంది.

ఉపాధ్యాయ శిక్షణ అనగానే డిగ్రీ పూర్తయ్యాక చేసే మరో చదువు అని మనకు అలవాటైపోయింది. ఈ అలవాటు బ్రిటిష్ కాలం నాటిది. ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలని 1854లో విద్యపై ఇంగ్లండు నుంచి వచ్చిన ఆదేశ పత్రం ఉడ్ డిస్పాచ్ సూచించింది. 1856లో మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు, అంటే ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల, వెలిసింది. అదే తర్వాత సైదాపేట టీచర్స్ కాలేజీ అయింది. మన తాతల తరంలో 'ఎల్‌టీ చేసిన మాస్టారు' అని గౌరవంగా చెప్పుకునేవారు. బీఏ ముగించి, ఆపైన బోధనలో శిక్షణ పొంది వచ్చినవారు వాళ్లు. ఎల్‌టీ పోయి బీఈడీ వచ్చినా వరుస మాత్రం అదే: ముందు సబ్జెక్టు, తర్వాత బోధన.

మైసూరు సంస్థ ఆ వరుసను మార్చింది. మాధ్యమిక విద్యపై వేసిన 1952–53 నాటి ముదలియార్ కమిషన్ బహుళార్థసాధక ఉన్నత పాఠశాలలు పెట్టాలని సిఫారసు చేసింది. ఒకే బడిలో సాహిత్యం, విజ్ఞానశాస్త్రాలతో పాటు వ్యవసాయం, వాణిజ్యం, సాంకేతిక విద్య, గృహవిజ్ఞానం నేర్పాలన్నది ఆలోచన. బడులైతే తెరిచారు గానీ ఆ పాఠాలు చెప్పగలిగే ఉపాధ్యాయులు దొరకలేదు. 1961లో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి ఎన్‌సీఈఆర్‌టీ ఏర్పడింది. ఆ కొరత తీర్చడానికే 1963 నుంచి అజ్మీర్, భోపాల్, భువనేశ్వర్, మైసూరులలో నాలుగు ప్రాంతీయ విద్యా కళాశాలలు మొదలయ్యాయి. అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ నిపుణులు తొలినాళ్లలో సలహాదారులుగా పనిచేశారు. మైసూరు కళాశాలను విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉన్న మానసగంగోత్రిలో కట్టారు. పాలన ఎన్‌సీఈఆర్‌టీది, పట్టాలు మైసూరు విశ్వవిద్యాలయానివి. 1990ల మధ్యలో అది ప్రాంతీయ విద్యా సంస్థగా పేరు మార్చుకుంది.

బహుళార్థసాధక పాఠశాలల పథకం ఎక్కువ కాలం నిలవలేదు. దానితో పాటే సాంకేతిక, వాణిజ్య కోర్సులు కూడా పోయాయి. అయితే ఆ ప్రయత్నం నుంచి రెండు గొప్ప విషయాలు మిగిలాయి. ఒకటి, సబ్జెక్టునూ బోధననూ మొదటి ఏడు నుంచే కలిపి నేర్పే నాలుగేళ్ల కోర్సు. రెండోది, సంస్థ ఆవరణలోనే నడిచే బడి, డిమాన్‌స్ట్రేషన్ మల్టీపర్పస్ స్కూల్. నా దృష్టిలో మైసూరు విలువ అంతా ఈ రెండూ పక్కపక్కనే ఉండటంలో ఉంది.

అది ఎలా పనిచేస్తుందో నా అనుభవం నుంచే చెబుతాను. టీచింగ్ ప్రాక్టీసులో నాకు పదో తరగతి విద్యుత్తు పాఠం ఇచ్చారు. పాఠ్యపథకాన్ని ముందురోజే పర్యవేక్షకులకు చూపించి సంతకం తీసుకోవాలి. ఆ రోజు విద్యాశాస్త్రం మేడమ్ పక్కన భౌతికశాస్త్రం సారు కూడా కూర్చుని ఉన్నారు. పథకం చదివి ఆయన ఒక్క మార్పు సూచించారు: ఓమ్ నియమం చెప్పడానికి ముందే పిల్లలను ఒక ప్రశ్న అడగమన్నారు. బల్బుకు ముందు తీగలో ఎంత కరెంటు ఉందో, బల్బు దాటాక కూడా అంతే ఉంటుందా, తగ్గుతుందా?

అడిగాను. తగ్గుతుందని తరగతిలో చాలామంది చేతులెత్తారు. వెలగడానికి బల్బు కొంత వాడుకుంటుంది కదా అని ఒక అమ్మాయి వివరించింది. ఆ అమ్మాయిని తప్పుపట్టడానికి లేదు. ఇంట్లో పెద్దవాళ్లు ఎంత కరెంటు కాలిందని మాట్లాడుకుంటారు, నెలనెలా బిల్లు కడతారు. ఆ అనుభవం నుంచి ఆమె సరిగ్గానే తర్కించింది. మర్నాడు బల్బుకు అటొకటి, ఇటొకటి అమ్మీటర్లు కలిపి పిల్లలనే రీడింగులు చదవమన్నాను. రెండూ సమానం. అప్పుడు వెనక వరుస నుంచి ఒక కుర్రవాడు లేచి, "మరి బిల్లు దేనికి కడుతున్నాం సార్?" అన్నాడు. ఆ ప్రశ్న వెంట శక్తి, సామర్థ్యం, కిలోవాట్-గంట అన్నీ వచ్చేశాయి. వలయంలో ఆవేశ ప్రవాహం తరగదు, మనం వాడుకునేది, డబ్బు కట్టేది శక్తికి. పుస్తకంలో ఆ భాగం కొన్ని పేజీల తర్వాత ఉంది. తరగతికి మాత్రం ఆ రోజే కావలసి వచ్చింది.

తరగతి అవగానే సహాధ్యాయులు పరిశీలన రికార్డుల్లో రాసుకున్నవి చదివి వినిపించారు. ఆ తరగతికి రోజూ పాఠం చెప్పే టీచరు, మూడో బెంచీలో ఇద్దరు ఒక్కసారి కూడా నోరు విప్పలేదని నా దృష్టికి తెచ్చారు. ఇక డిగ్రీ తరగతిలో భౌతికశాస్త్రం సారు ఆ కుర్రవాడి ప్రశ్ననే మాకు వేసి, విద్యుత్ క్షేత్రం దగ్గర నుంచి జవాబు రాబట్టమన్నారు. బడిలో పుట్టిన ప్రశ్న డిగ్రీ తరగతికి చేరింది. అక్కడ తేలిన స్పష్టత మళ్లీ బడి పాఠానికి తోడైంది. డిగ్రీ ఒకచోట, బీఈడీ మరోచోట చదివినవాళ్లకు ఇలాంటి అవకాశం చాలా అరుదు. సబ్జెక్టు చెప్పినవారు వాళ్లు బడిలో పాఠం చెప్పడం చూడరు. పాఠం చూసేవారికి ఆ సబ్జెక్టుతో పరిచయం ఉండాలనేమీ లేదు. బీఈడీ చదివే పిల్లల తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు.

ఇంటర్న్‌షిప్‌కు మా బృందాన్ని ఒక నవోదయ విద్యాలయానికి పంపారు. అక్కడ పాఠాలతో పాటు ప్రార్థన, ప్రశ్నపత్రాలు, మార్కుల నమోదు, హాస్టల్ పిల్లల బెంగ వరకు అన్నీ చూశాం. మా తరగతిలో కేరళ, తమిళనాడు, కర్ణాటక, లక్షద్వీప్ నుంచి వచ్చినవాళ్లు ఉండేవారు. నా భాష రాని పిల్లవాడికి ఒక భావనను ఎలా చేర్చాలన్నది అక్కడ రోజూ ఎదురయ్యే సమస్య. గిరిజన ప్రాంతంలో పనిచేసినప్పుడు ఆ సాధన నాకు ఎంతో అక్కరకొచ్చింది.

ఇక కోర్సుల సంగతి. నాలుగేళ్ల బీఎస్సీ ఎడ్, బీఏ ఎడ్ అక్కడి ప్రధాన కోర్సులు. ఇంటర్ తర్వాత ఆరేళ్లు చదివే ఎంఎస్సీ ఎడ్ ఉంది. డిగ్రీ అయినవారికి రెండేళ్ల బీఈడీ, ఆపైన ఎంఈడీ ఉన్నాయి. దక్షిణాది రాష్ట్రాల్లో ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయులకూ శిక్షణ తరగతులు జరుగుతాయి. కొత్త విధానంలో నాలుగేళ్ల కోర్సు సమీకృత ఉపాధ్యాయ విద్యా కార్యక్రమంగా, అంటే ఐటెప్‌గా మారుతోంది. 2030 నాటికి బడి టీచరుకు నాలుగేళ్ల సమీకృత బీఈడీనే కనీస అర్హత కావాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. అరవై ఏళ్ల కిందట మైసూరులో మొదలైన పద్ధతినే దేశమంతటికీ తెస్తున్నారని నా నమ్మకం, అందుకు సంతోషంగా ఉంది.

ఇక్కడే ఉండి చదివితే ఒక ఏడాది ఎక్కువ పడుతుంది. 2015 నుంచి బీఈడీ రెండేళ్లయింది, కాబట్టి డిగ్రీతో కలిపి కనీసం అయిదేళ్లు. అందులో బడిలో గడిపేది 20 వారాలు. మంచి కళాశాల దొరికితే ఆ 20 వారాలు చాలా నేర్పుతాయి. ఇంటి పరిస్థితుల వల్ల ఊరు విడవలేకపోతే ఈ దారిలోనే వెళ్లండి, వెనకబడిపోతానని బెంగపడకండి. చేరే ముందు మాత్రం రెండు విషయాలు అడిగి తెలుసుకోండి: ఇంటర్న్‌షిప్‌కు ఏ బడికి పంపుతారు, మీ పాఠాన్ని వెనక కూర్చుని ఎవరు చూస్తారు. ఈ రెండింటికీ సూటిగా జవాబు రాని చోట చేరవద్దు.

ఉద్యోగాల విషయంలో భయం అక్కర్లేదు. కేంద్రీయ విద్యాలయాల టీజీటీ (ఆరు నుంచి పది తరగతుల టీచరు) ప్రకటనల్లో ప్రాంతీయ కళాశాలల నాలుగేళ్ల కోర్సును అర్హతగా పేరుపెట్టి రాస్తారు. రాష్ట్ర ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు సబ్జెక్టు, బోధన రెండింటి అర్హతా ఒకే పట్టాలో ఉంటుంది. టీచరు అర్హత పరీక్ష టెట్ ఎలాగూ రాయాలి. ఎస్‌జీటీ, అంటే ప్రాథమిక తరగతుల టీచరు, ఆలోచన ఉంటే మాత్రం దారి వేరు: ప్రాథమిక విద్యలో డిప్లొమా అయిన డీఈఎల్‌ఈడీ చేయాలి. ప్రాథమిక తరగతులకు బీఈడీ అర్హత కాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. విశ్వవిద్యాలయంలో మామూలు ఎంఎస్సీకి వెళ్లాలనుకుంటే కొన్నిచోట్ల మీ పట్టా బీఎస్సీకి సమానమని చూపే సమానత్వ ధ్రువపత్రం అడగవచ్చు. ముందే కనుక్కోండి.

ఒక్క హెచ్చరిక. సాఫ్ట్‌వేరో సివిల్సో మనసులో ఉండి, ఇది చేతిలో ఉంటే మంచిదన్న లెక్కతో చేరవద్దు. పాఠ్యపథకాలు, రికార్డులు, సబ్జెక్టు ప్రయోగాలు అన్నీ కలిసి వారమంతా నిండిపోతుంది. పిల్లలంటే ఇష్టం లేనివాళ్లకు అది మోయలేని బరువు. బోధన ఇంగ్లిషులోనే ఉంటుంది. తెలుగు మాధ్యమం నుంచి వెళ్తే మొదటి సెమిస్టరు కష్టంగానే గడుస్తుంది. కానీ అంత చిన్న తరగతిలో అడిగితే చెప్పని అధ్యాపకులు నాకు కనిపించలేదు.

నాలుగేళ్ల కోర్సులో ప్రవేశానికి, జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ నిర్వహించే ప్రవేశ పరీక్ష ఎన్‌సీఈటీ రాయాలి. రెండు భాషలు, మూడు సబ్జెక్టులు, సాధారణ పరీక్ష, బోధనా సామర్థ్యం అందులో ఉంటాయి. తెలుగులో కూడా రాయవచ్చు. సబ్జెక్టు ప్రశ్నలకు పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే ఆధారం, కాబట్టి మీ ఇంటర్ పుస్తకాల పక్కన వాటినీ పెట్టుకుని చదవండి. దరఖాస్తులో సంస్థనూ కోర్సునూ ఎంచుకునేటప్పుడు ఆ ఏడాది ప్రకటనలో ఏ కోర్సుకు ఏ మూడు సబ్జెక్టులు కావాలో సరిచూసుకున్నాకే నింపండి.