ముందు చక్రం ఇరుసు గురించి, చిట్టితల్లికి

చిట్టితల్లీ,

జులైలో నువ్వు మనాలి నుంచి లేహ్‌కి సైకిల్ మీద వెళ్తున్నావని నిన్న రాత్రి అక్క, అదే మీ అమ్మ, ఫోన్ చేసింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. తనకి ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ ఆ తర్వాత నాకూ నిద్ర పట్టలేదు. మా ఇంటి ఆడపిల్ల తంగ్‌లంగ్ లా ఎక్కుతుందంటే, 17 వేల అడుగులు దాటిన కనుమ, నాకు గుండె నిండిపోయింది. అక్కణ్ణించి నువ్వు దిగడం తలచుకుంటేనే కడుపులో ఏదోలా ఉంది.

ఎక్కడం సంగతి నీ కాళ్ళు చూసుకుంటాయి. నీళ్ళు తాగు, ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడేదాకా తొందరపడకు, బ్రేక్ ప్యాడ్లు రెండు జతలు అదనంగా పెట్టుకో. నా బెంగంతా నువ్వు బేరమాడుతున్న ఆ సెకండ్ హ్యాండ్ బండి ముందు చక్రం మీదే. 9 మిల్లీమీటర్ల క్విక్ రిలీజ్ అట, అంటే లీవరు మడిచి బిగించే రకం ఇరుసు, పన్నెండు వేలు తక్కువట, "కావాలంటే తర్వాత త్రూ యాక్సిల్‌కి మార్చుకోవచ్చు" అన్నాడట అమ్మేవాడు.

ఆ మాట నమ్మకు. త్రూ యాక్సిల్ అంటే చక్రం గుండా దూర్చి మరతో బిగించే ఇరుసు. దానికోసం మారేది హబ్బు, అదే చక్రం నడిమి భాగం, చాలా హబ్బులకు కొసల్లో ఉండే ఎండ్ క్యాపులు మారిస్తే సరిపోతుంది. చక్రాన్ని రెండు కాళ్ళతో పట్టుకునే ఫోర్కు మారదు. క్విక్ రిలీజ్ ఫోర్కుకి అడుగున తెరుచుకున్న గాడి ఉంటుంది, త్రూ యాక్సిల్ ఫోర్కుకి చుట్టూ మూసుకున్న రంధ్రం ఉంటుంది. ఆ గాడిని ఎవరూ రంధ్రం చెయ్యలేరు. అప్పుడు ఫోర్కే కొనాలి, నువ్వు మిగిల్చిన డబ్బు దానికి ఏ మూలకీ చాలదు.

నా గడ్డం కింద మచ్చ మీద వేలు పెట్టి, "ఇదేంటి మామయ్యా" అని అడిగేదానివి చిన్నప్పుడు. ఇసక మీద జారానని చెప్పాను. అక్కకు ఇప్పటికీ అదే తెలుసు. అసలు జరిగింది వేరు.

2011 డిసెంబరు. విశాఖలో కిరండోల్ పాసింజర్ ఎక్కి అరకులో దిగి, సైకిల్ మీద ఘాట్ దిగుదామని బయల్దేరాను. నా బండిదీ ఇదే 9 మిల్లీమీటర్ల గాడి. ఆ గాడి అంచున చిన్న గట్లుంటాయి. బిగింపు వదులైనా చక్రం ఊడి పడకుండా ఆపేవి అవే. వాటివల్ల చక్రం విప్పిన ప్రతిసారీ నట్టు నాలుగు చుట్లు తిప్పాల్సి వస్తుందని, ఆ ముందు వారమే నేను ఆకురాయి పట్టుకుని రెండు వైపులా నున్నగా రాసేశాను. ఏదో ఘనకార్యం చేసినట్టు మెరిసే ఆ అంచుని వేలితో తడిమి చూసుకున్నాను కూడా.

అరకు స్టేషన్ బయట చక్రం తగిలించాను. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. లీవరుని మడిచి మూయాల్సింది, రెక్కల నట్టు తిప్పినట్టు గిరగిరా తిప్పి వదిలేశాను. గట్టిగానే ఉందనిపించింది. అనంతగిరి కాఫీ తోటలు దాటేదాకా ఏమీ కాలేదు. డముకు దగ్గర పడుతుండగా బ్రేకు డిస్కు కిర్రుమనడం మొదలుపెట్టింది. దుమ్మేమో అనుకున్నాను. మలుపులో ఎదురుగా బస్సు వచ్చింది, ముందు బ్రేకు నొక్కాను.

ఇక్కడ ఏం జరుగుతుందో జాగ్రత్తగా చదువు. డిస్కుని నొక్కి పట్టే క్యాలిపర్ ఫోర్కు ఎడమ కాలికి వెనక ఉంటుంది. చక్రం ముందుకు దొర్లుతుంటే దాని వెనక భాగం పైకి లేస్తుంటుంది. క్యాలిపర్ దాన్ని పట్టుకోగానే కిందికి తోస్తుంది. గాడి నోరు ఉన్నదీ కిందికే. ఎంత గట్టిగా బ్రేకు వేస్తే ఇరుసుని అంత బలంగా బయటికి నెడుతుందన్నమాట. నా ఇరుసు ఎడమ కొస గాడిలోంచి జారిపోయింది. గట్లు లేవు కదా, ఆపేదేముంది? ఫోర్కు రోడ్డులో దిగబడింది. కాలర్ బోన్ విరిగింది, గడ్డానికి ఆరు కుట్లు పడ్డాయి. బస్సు డ్రైవరే నన్ను ఎత్తి లోపల పడుకోబెట్టాడు. ఆ రోజు అతను ఒక్క క్షణం ఆలస్యంగా బ్రేకు తొక్కి ఉంటే ఈ ఉత్తరం ఉండేది కాదమ్మా.

అందుకే 15 మిల్లీమీటర్ల త్రూ యాక్సిల్ తీసుకోమంటున్నాను. అది ఒక కాలిలోంచి దూరి, హబ్బు గుండా వెళ్ళి, రెండో కాలి మరలోకి బిగుస్తుంది. వదులైతే చక్రం గడగడలాడుతుంది, నీకు తెలుస్తుంది, ఆగుతావు. ఒక్క బ్రేకుకే ఊడిపోదు.

ఇందులోనూ హబ్బుకి రెండు వెడల్పులున్నాయి, 100, 110 మిల్లీమీటర్లు. ఈ 110నే బూస్ట్ అంటారు. హబ్బు అంచులు దూరం జరగడంతో పుల్లలు ఎక్కువ వాలుగా నిలబడి, 29 అంగుళాల చక్రం గట్టిగా ఉంటుంది. కొత్త బండి కొంటే అదే తీసుకో. మంచి 100 ఫోర్కు ఉన్న పాత బండి దొరికినా వదలకు, నీ ప్రయాణానికి చాలు. 100 చక్రాన్ని 110 ఫోర్కులో అడాప్టర్లతో కూర్చోబెట్టొచ్చు, డిస్కు 5 మిల్లీమీటర్లు జరపాలంతే. 110 చక్రం మాత్రం 100 ఫోర్కులో పట్టదు. 20 మిల్లీమీటర్ల లావు ఇరుసు కొండ మీంచి దూకే పందేల వాళ్ళకి, నీకెందుకు?

పాత రకం చక్రమైతే దారిలో ఎక్కడైనా దొరుకుతుందని నీ స్నేహితులు అంటున్నారట. అది అబద్ధం కాదు. త్రూ యాక్సిల్ పారేసుకుంటే ఇంకొకటి దొరకడం కష్టమే, కంపెనీకో పొడవు, కొన్నిటికి మర కూడా వేరు. అందుకని చక్రం విప్పిన మరుక్షణం ఇరుసుని మళ్ళీ ఫోర్కులోనే దూర్చి నాలుగు చుట్లు బిగించు. జేబులో వేసుకోకు, గుడారంలో పెట్టకు. బ్రేకు ప్యాడ్ల మధ్య అట్టముక్క పెట్టడం మరిచిపోకు.

ఇంత చెప్పినా ఆ బండే కొంటానంటే, లీవరు సగం మడిచేసరికి బరువెక్కాలి, పూర్తిగా మూసేసరికి అరచేతిలో అచ్చు పడాలి. అచ్చు పడకపోతే విప్పి మళ్ళీ బిగించు. లీవరు తెరుచుకుని డిస్కులో చిక్కుకునే వీలుందని 2015లో అమెరికా, కెనడాల్లో లక్షల సైకిళ్ళు వెనక్కి పిలిచారు. అంత పెద్ద కంపెనీల బళ్ళకే ఆ భయం ఉంది.

కొనొద్దులే తల్లీ. ఆ పన్నెండు వేలూ నేను పంపుతాను, అక్కకు చెప్పకు. చూసిన ప్రతి బండికీ ఫోర్కు అడుగు భాగం దగ్గరగా ఫొటో తీసి నాకు పెట్టు. నా పాత ఫోర్కు ఇంకా అటక మీదే ఉంది. వెళ్ళే ముందు ఒక్క పూట విశాఖ రా, దించి చూపిస్తాను. ఆకురాయి గీతలు ఇప్పటికీ వేలికి తగులుతాయి.

మామయ్య