మత్తు మందు పేరులో ‘గుడి’ ఉందేమో చూడండి

ప్రశ్న: నా వయసు 42. పంటి నొప్పికి చిగుళ్ల మీద జెల్ రాస్తే పెదవులు, బుగ్గలు ఎర్రబడి రెండు రోజులు దురద వదల్లేదు. అంతకుముందు జుట్టు రంగుతోనూ ఇలాగే అయింది. ఇప్పుడు రూట్ కెనాల్ చేయాలంటున్నారు. మత్తు ఇంజెక్షన్ కూడా నాకు పడదా?

జవాబు: చాలావరకు పడుతుంది. అయితే ఏ మత్తు మందు ఇస్తున్నారన్నది ముఖ్యం.

పంటి జెల్స్‌లో తరచూ బెంజోకెయిన్ ఉంటుంది. మీ ట్యూబు ఇంకా ఉంటే దాని మీద ఏం రాసి ఉందో చూడండి. బెంజోకెయిన్, పాతకాలపు ప్రొకెయిన్ రెండూ పారా అమినోబెంజోయిక్ ఆమ్లం సంతతే. ఈ ఆమ్లాన్ని మేము క్లుప్తంగా ‘పాబా’ అంటాం. మత్తు ఇంజెక్షన్లలో ఎస్టర్, అమైడ్ అని రెండు రసాయన రకాలున్నాయి. ఎస్టర్ రకానికి చెందిన ఈ మందులు శరీరంలో విడిపోయినప్పుడు పాబా బయటపడుతుంది. అలర్జీకి చాలాసార్లు కారణం అదే. జుట్టు రంగుల్లోని పారా ఫినైలిన్ డయమిన్‌కూ దీనికీ నిర్మాణంలో పోలిక ఉంది. అందుకే ఒకటి పడనివారిలో కొందరికి రెండోదీ పడదు. మీ రెండు అనుభవాలకూ మూలం ఒకటే అయి ఉండవచ్చు.

ఇప్పుడు దంతవైద్యులు ఎక్కువగా వాడే లిగ్నోకెయిన్ దారి వేరు. స్వీడన్‌లో 1943లో తయారైన ఈ మందు అమైడ్ రకం. కాలేయంలో విరుగుతుంది, పాబా పుట్టదు. రెండు రకాలనూ గుర్తుపట్టేందుకు మన లిపిలో ఒక సులువు ఉంది: ‘కెయిన్’కు ముందు గుడి ఉంటే అమైడ్. లిగ్నోకెయిన్, ప్రిలోకెయిన్, ఆర్టికెయిన్, బ్యుపివకెయిన్ అన్నింటిలోనూ అది కనిపిస్తుంది. బెంజోకెయిన్, ప్రొకెయిన్, టెట్రకెయిన్‌లలో ఉండదు. వైద్య విద్యార్థులు ఇంగ్లిష్ అక్షరాలతో గుర్తుపెట్టుకునే చిట్కా ఇది. తెలుగులోనూ చక్కగా కుదిరింది!

ఒక మెలిక ఉంది. పలుమార్లు వాడే సీసాల్లోని మందు పాడవకుండా మిథైల్ పారాబెన్ కలుపుతారు. దాని నిర్మాణం కూడా పాబాను పోలి ఉంటుంది. కాబట్టి పారాబెన్ లేని, ఒక్కసారికే వాడే కార్ట్రిడ్జ్ ఇవ్వమని అడగండి. ఇంజెక్షన్ అయ్యాక గుండె దడదడలాడితే అది అలర్జీ అని కంగారుపడకండి. అందులో కలిపే ఎడ్రినలిన్ వల్ల అలా కావడం మామూలే.

జెల్ రాసినప్పుడు నాలుక వాచడం, ఆయాసం, ఒళ్లంతా దద్దుర్లు లాంటివి కూడా వచ్చి ఉంటే మాత్రం నేను పైన ఇచ్చిన భరోసా మీకు వర్తించదు. ముందు అలర్జీ నిపుణులను కలవండి, ఆ తర్వాతే ఇంజెక్షన్. కేవలం దురద, ఎరుపు అయితే చర్మ వైద్యులు వీపు మీద అతికించి చేసే ప్యాచ్ పరీక్షతో కారణం తేలుతుంది. పట్టీలు రెండు రోజులు ఉంచాలి, ఆ తర్వాత మరోసారి చూపించుకోవాలి.

సల్ఫా (బ్యాక్టీరియాను అడ్డుకునే ఒక రకం మందు) మాత్రలు రాసిన ప్రతిసారీ మీ సంగతి డాక్టరుకు చెప్పండి. బ్యాక్టీరియా ఫోలేట్ అనే విటమిన్ తయారీకి పాబాను వాడుకుంటుంది. సల్ఫా మందు పాబా రూపంలో వచ్చి దాన్ని మోసగిస్తుంది. మనం ఫోలేట్‌ను ఆహారం నుంచి తీసుకుంటాం గనుక ఆ మోసం మనకు తగలదు. కానీ ఆ పోలికే మీ చర్మాన్నీ ఏమార్చే అవకాశం కొద్దిగా ఉంది. సన్‌స్క్రీన్ కొనేటప్పుడు కూడా పాబా లేనిదే ఎంచుకోండి. మిగిలిన ఆ జెల్‌ను ఇంట్లో రెండేళ్లలోపు పిల్లల చిగుళ్లకు రాయకండి. బెంజోకెయిన్ వల్ల అరుదుగా రక్తం ఆక్సిజన్‌ను మోయలేక ఒళ్లు నీలంగా మారుతుంది.